పచ్చగా ఉన్నంత మాత్రాన అడవి అవుతుందా?

భద్రాచలం ఏజెన్సీలో ఒక కోయ గూడెం పక్కన కొత్త ప్లాంటేషన్ చూశాను. వరుసగా జామాయిల్ మొక్కలు, చుట్టూ కందకం. పచ్చగానే ఉంది, అడవి అనడానికి మాత్రం నోరు రాలేదు. పశువుల దారి పోయింది, ఇప్పపువ్వు ఏరుకునే చోటూ పోయింది. అడిగి ఉంటే ఇప్ప, తునికి, నల్లమద్ది పెట్టమనేవాళ్లమని ఒక పెద్దావిడ అన్నారు. అడగలేదు మరి!

సామూహిక అడవిని కాపాడుకునే, పునరుద్ధరించుకునే హక్కును 2006 అటవీ హక్కుల చట్టం ఊరివాళ్లకే ఇచ్చింది. అడవి భూమిని వేరే పనులకు ఇచ్చినప్పుడు, బదులుగా మొక్కలు నాటేందుకు వసూలు చేసే డబ్బు మాత్రం 2016 పరిహార అటవీకరణ నిధి చట్టంతో ప్రభుత్వ అథారిటీల చేతికి వెళ్లింది. చిక్కంతా ఇక్కడే. నాటే ముందు గ్రామసభ తీర్మానం, మూడేళ్ల తర్వాత బతికిన మొక్కల లెక్క లేనిదే పైసా విడుదల చేయకూడదంటాను.