నొప్పి లేని పుండు

నేను ప్రభుత్వ ఆసుపత్రి ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ పరీక్ష చేసి సలహా ఇచ్చే కేంద్రంలో, కౌన్సెలర్‌ని. కిందటి కార్తీకంలో ఒక అబ్బాయి వచ్చి, కూర్చోకముందే బల్ల మీద నాలుగు ల్యాబ్ రిపోర్టులు పరిచాడు. నాలుగింటిలోనూ హెచ్‌ఐవీ లేదనే ఉంది. "ఇంకొక్కసారి చేయించండి మేడమ్, మాఘంలో నా పెళ్లి" అన్నాడు.

ఏం జరిగిందో చెప్పడానికి అరగంట పట్టింది. "ఒకామెతో దగ్గరగా ఉన్నాను, కానీ కలవలేదు మేడమ్. ముద్దులు, చేతులు, ఒంటికి ఒళ్లు తగలడం. అంతే." ఆ "అంతే" దగ్గర ఏడ్చేశాడు.

హెచ్‌ఐవీ రక్తంలో, వీర్యంలో, యోని, మలద్వార స్రావాల్లో, తల్లిపాలలో ఉంటుంది. గాయం లేని చర్మాన్ని అది దాటలేదు. చెమట, లాలాజలం, కన్నీరు దాన్ని మోసుకురావు. వీర్యం నేరుగా యోని ద్వారం మీద పడితే మాత్రం లెక్క వేరు, గర్భం వచ్చే అవకాశం కూడా ఉంది. నిజంగా హెచ్‌ఐవీ సోకే ప్రమాదం ఎదురైతే 72 గంటల్లోపు మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఇతనికి అలాంటిదేమీ జరగలేదు. పైగా చివరి పరీక్ష మూడు నెలలు దాటాక చేయించుకున్నాడు. ఇక అనుమానానికి తావు లేదని చెప్పాను.

తర్వాత అందరినీ అడిగే ప్రశ్నే అడిగాను: "ఆ తర్వాత అక్కడ పుండు గానీ కురుపు గానీ వచ్చిందా బాబూ?"

"మూడు వారాలకు ఒకటి వచ్చింది. నొప్పి లేదు. దానంతటదే మానిపోయింది."

నాలుగు ల్యాబుల్లో ఎవరూ ఆ మాట అడగలేదు. అతనూ చెప్పలేదు, నొప్పి లేనిది జబ్బు ఎలా అవుతుందని. సిఫిలిస్ పుండు సరిగ్గా అలాగే వస్తుంది, అలాగే మాయమవుతుంది. పాతకాలం వారు సవాయి అనేది దీన్నే. పుండు మానినా క్రిమి ఒంట్లో ఉండిపోతుంది. భార్యకు, ఆమె కడుపులోని బిడ్డకు కూడా సోకగలదు.

ఇన్నేళ్లూ మనం ఒక్క హెచ్‌ఐవీ పేరు చెప్పి జనాన్ని భయపెట్టాం. చర్మానికి చర్మం రాసుకుంటే చాలు అంటుకునే వాటి పేర్లు చెప్పలేదు. హెర్పిస్ పొక్కులు, హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చే పులిపిర్లు, సిఫిలిస్, చివరికి గజ్జి కూడా అలా వచ్చేవే. నిరోధ్ కప్పని చోట పుండు ఉంటే నిరోధ్ ఏం చేయగలదు? ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అతన్ని అదే ఆసుపత్రిలో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌కు పంపాను. రక్తపరీక్షలో సిఫిలిస్ బయటపడింది. తొలిదశే కాబట్టి బెంజథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, ఒక్క విడత సరిపోయింది. తగ్గిందో లేదో చూడడానికి మళ్లీ రక్తపరీక్షలకు రమ్మన్నారు.

"ఇంట్లో తెలుస్తుందా?" అని అడిగాడు. అతని అనుమతి లేకుండా మా నుంచి ఒక్క మాట కూడా బయటికి పోదన్నాను. "కానీ నువ్వు దగ్గరగా ఉన్న ఆమెకు నువ్వే చెప్పాలి. ఆమె ఒంట్లోనూ ఇది ఉండి ఉంటుంది, పుండు లోపల వస్తే ఆమెకు కనిపించను కూడా కనిపించదు."

చాలాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. తర్వాత వరండాలోకి వెళ్లి ఫోను చేశాడు.

మరుసటి సోమవారం ఆమె ఒంటరిగా వచ్చింది. నేను తలుపు దగ్గరగా వేసి కుర్చీ చూపించాను.