సోంపు అనుకున్నాను

2022 మేలో తైవాన్ అంతా ఒమిక్రాన్ పాకినప్పుడు షిన్‌చూలో చదువుకుంటున్న నాకూ కోవిడ్ వచ్చింది. జ్వరం 4 రోజుల్లో తగ్గింది. 5వ రోజు తలకు రాసుకుందామని కొబ్బరినూనె సీసా మూత తీస్తే వాసనే లేదు. ముక్కుకు ఆనించి పీల్చాను. నీళ్ళ సీసా పీల్చినట్టే ఉంది.

నెలలో అదే వస్తుందన్నారు. రాలేదు. జూలైలో ఒకరోజు పొయ్యి మీద అన్నం పెట్టి పక్కగదిలో చదువుకుంటుంటే, ఇంటి ఓనరు ఆయీ (ఆయీ అంటే వాళ్ళ భాషలో చిన్నమ్మ) కింద నుంచి పరిగెత్తుకొచ్చి స్టవ్ కట్టేసింది. గిన్నె అడుగు బొగ్గయింది. ఇల్లంతా పొగ, నాకేమీ తెలియలేదు. అదే గ్యాస్ లీకై ఉంటే? ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత కొన్ని వాసనలు వచ్చాయి, కానీ తప్పుగా. ఉల్లిపాయ వేగితే కుళ్ళు కంపు, కాఫీ కాలిన రబ్బరు. దీన్ని పారోస్మియా అంటారని డాక్టరు చెప్పారు. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం రోజుకు రెండుసార్లు, ఒక్కోటి 20 సెకన్లు, అసలు వాసన గుర్తు తెచ్చుకుంటూ పీల్చమన్నారు. వదలకుండా చేశాను. తిండి సహించక 5 కిలోలు తగ్గాను. ఖమ్మం నుంచి అమ్మ ఫోన్ చేసి "నోటికి రుచి తెలుస్తుందా బిడ్డా" అంటే, "తెలుస్తుందమ్మా" అనేదాన్ని.

బాగా తెలిసేది కారం ఒక్కటే. మిరపకాయ మంట రుచీ కాదు, వాసనా కాదు. దాన్ని మెదడుకు చేర్చే నరం వేరు, అది నాకు బాగానే ఉంది. ఈ మాట విన్న ఆయీ, జనవరిలో ఒక సాయంత్రం కారంగా బీఫ్ నూడుల్ సూప్ చేద్దాం రమ్మంది. షిన్‌చూకి గాలుల ఊరని పేరు. ఆ రోజు 13 డిగ్రీలే, కానీ ఇంట్లో హీటరు లేదు, కిటికీలు గడగడలాడుతున్నాయి.

పిక్క మాంసం ముక్కల్ని ఒక పొంగు రానిచ్చి, తేలిన తెట్టంతా పారబోసి కడిగింది. అల్లం, వెల్లుల్లి, ఉల్లికాడలు వేయిస్తున్నంతసేపూ నేను బాల్కనీలో నిలబడ్డాను. నేను లోపలికొచ్చేసరికి చిక్కుడు గింజలు, మిరపకాయలు కలిపి పులియబెట్టిన ముద్ద నూనెలో ఎర్రగా వేగుతోంది, అచ్చం మన పండుమిర్చి పచ్చడిలా. సోయాసాస్, టమాటాలు, పటికబెల్లం పడ్డాయి. మసాలా దినుసులు గుడ్డ మూటలో కట్టి వేసింది. రెండున్నర గంటలు సన్న సెగ.

మా ఇంట్లో ఆదివారం చర్చి నుంచి రాగానే అమ్మ పెద్దకూర గోంగూర వండేదని చెప్పాను. ఆయీ నానమ్మ మాత్రం బీఫ్ ముట్టేది కాదట, పొలం దున్నిన ఎద్దును ఎలా తింటామని. 1949లో చైనా నుంచి వచ్చిన సైనికుల ఇళ్ళల్లో ఈ సూప్ మొదలైందని అంటారట.

మూత తీసింది. కళ్ళద్దాలకు ఆవిరి పట్టేసింది. కారం ఘాటు కళ్ళకు తగిలింది, దాని వెనకే ఇంకేదో సన్నగా, తియ్యగా వచ్చింది. పోతుందేమోనని ఊపిరి బిగబట్టి మళ్ళీ పీల్చాను. పోలేదు. "సోంపు" అన్నాను తెలుగులోనే. ఆయీకి అర్థం కాలేదు. వేలితో కుండలోకి చూపించాను. మూట పైకి తీసి విప్పింది. దాల్చినచెక్క, సిచువాన్ మిరియాలు, వాటి మధ్య ఒక రెక్క విరిగిన అనాసపువ్వు. సోంపుకీ దీనికీ ఆ వాసననిచ్చే పదార్థం ఒకటే, అనెథోల్. దాన్ని అరచేతిలో పెట్టుకున్నాను. చెయ్యి కాలుతున్నా వదల్లేదు.

ఉల్లికాడలు కంపు కొడుతూనే ఉన్నాయి. పక్కకు తీసేసి రెండు గిన్నెలు తాగాను.

ఇంటికి ఫోన్ చేశాను. "అమ్మా, అనాసపువ్వు వాసన వచ్చింది."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "అంటే ఇన్ని రోజులు రాలేదా బిడ్డా?" అంది.