పాత పెట్రోలు ఏరేటరు మరమ్మతు: కాలువలకు నీరు కట్టేసిన నాటి నుంచి తొలకరి దాకా

ఏప్రిల్ చివరి వారం

కడియం నర్సరీల నుంచి తెచ్చి పరిచిన మెక్సికన్ గడ్డి కింద మా ఒండ్రు నేల తొక్కుడుకు గట్టిపడి, పోసిన నీరు ఇంకకుండా పైనే నిలుస్తోంది. అందుకే అమ్మకానికి వచ్చిన ఒక పాత పెట్రోలు ఏరేటరును, అంటే గాలి, నీరు దిగేలా పచ్చిక నేలకు రంధ్రాలు వేసే యంత్రాన్ని, కొన్నాను. 163 సీసీ ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్ నుంచి బెల్టు, బెల్టు నుంచి చెయిన్, చెయిన్ నుంచి ఇరుసు తిరుగుతాయి. ఆ ఇరుసుకున్న బోలు పళ్ళు నేలలో దిగి, మట్టిని వేలెడంత కడ్డీలుగా పెకలించి పైన పడేస్తాయి. తెచ్చిన నాటికి దీని జబ్బు ఒకటే: చోక్ (గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట) వేస్తే అంటుకుంటుంది, తీయగానే ఆగిపోతుంది.

ఇలాంటప్పుడు ముందుగా ప్లగ్ మార్చడం చాలామందికి అలవాటు. చోక్‌తో అంటుకుని నడుస్తోందంటే నిప్పురవ్వ వస్తున్నట్టే కనుక ఆ ఖర్చు దండగ. పెట్రోలు చాలినంత అందడం లేదన్నదే దాని అర్థం. పెట్రోలు కాక్ మూసి, కార్బురేటరు అడుగు బోల్టు విప్పి, ఫ్లోట్ గిన్నెలో ఉన్నదంతా గాజు సీసాలోకి దించాను. కాసేపటికి అడుగున వేరే పొర తేరుకుంది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీల్చుకుని, హద్దు దాటాక నీటితో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి కిందికి దిగుతుంది. గాలిలోనే నీరుండే మన డెల్టాలో సగం ఖాళీ ట్యాంకును నెలల తరబడి వదిలేస్తే ఈ గతి పట్టే అవకాశం ఎక్కువ.

గిన్నెకు పట్టిన పసుపు జిగురును కార్బురేటరు క్లీనరుతో కడిగి, పెట్రోలు పోయే సన్న జెట్టును కరెంటు వైరులోంచి లాగిన ఒక్క రాగి పోగుతో పొడిచాను. గుండుసూది పెట్టకూడదు; జెట్టు ఇత్తడిది, మెత్తన, రంధ్రం పెద్దదైతే ఇక పనికిరాదు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే రంధ్రం గుండ్రంగా కనబడింది. చోక్ లేకుండా ఇంజిన్ నడిచింది.

మే రెండో వారం

కొంతసేపు నడిచి ఆగుతోంది, విశ్రాంతి ఇస్తే మళ్ళీ అంటుకుంటోంది. దీనికి ఇద్దరు అనుమానితులు: ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడుకుపోవడం, లేదా వేడెక్కాక ఇగ్నిషన్ కాయిల్ పని మానేయడం. ఆగిన వెంటనే మూత వదులు చేస్తే ఉస్సుమని గాలి లోపలికి పోయి, ఇంజిన్ తిరిగి అంటుకుంటే తప్పు మూతది. మూత తీసినా అంటుకోక, వేడి మీదే ప్లగ్‌లో రవ్వ కూడా రాకపోతే కాయిల్‌ను అనుమానించాలి. నాది మూతే, రంధ్రంలోని మట్టి తీసేస్తే సరిపోయింది. పనిలో పనిగా ప్లగ్ సందు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉందని చూసుకుని, దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టరును శుభ్రం చేశాను.

జూన్ మూడో వారం

కాలువలకు నీరు వదిలి, తొలకరి కూడా పడ్డాక నేలలో దింపి చూస్తే పళ్ళు నిలిచిపోయాయి. పవర్ టిల్లర్లు బాగుచేసే మెకానిక్‌కు ఫోన్ చేస్తే, "ఇంజిన్‌ని తరవాత చూద్దురు గానీ, ముందు పళ్ళు పైకెత్తి ఓసారి, దించి ఓసారి నడిపి మోత వినండి" అన్నాడు. ఈ పరీక్షను మించినది నాకు కనబడలేదు. దించగానే మోత పడిపోయి ఇంజిన్ ఆగబోతే బలం చాలడం లేదు, లేదా నేల మరీ బిగుసుకుని ఉంది. మోత అలాగే ఉండి పళ్ళు మాత్రం ఆగితే బెల్టు జారుతోంది. నా దగ్గర జరిగింది రెండోది. విప్పి చూస్తే బెల్టు పక్కలు అద్దంలా నునుపెక్కాయి, అరిగి కప్పీ అడుగును తాకుతోంది. వీపు మీది అంకె రాసుకుని, రైసు మిల్లులకు బెల్టులు అమ్మే దుకాణంలో కొత్తది తెచ్చి వేశాను.

తరువాత పళ్ళు తిరిగాయి గానీ రంధ్రాలు లోతుగా పడలేదు. ఇది యంత్రం రోగం కాదు, నేల పదును కుదరకపోవడమే: తడి ఎక్కువై జిగురు మట్టి బోలు పళ్ళలో బిగుసుకుంది. స్క్రూడ్రైవర్ తేలిగ్గా దిగి, బయటికి లాగితే బురద అంటకుండా వచ్చేదాకా ఆగాను. పళ్ళలో మట్టి తీయడానికి ముందు ప్లగ్ వైరు పీకడం తప్పనిసరి. వాల్చవలసి వస్తే కార్బురేటరు పైవైపు ఉండాలి. కిందికి ఉంటే నూనె ఎయిర్ ఫిల్టరులోకి చేరి, అంటించగానే తెల్లని పొగ కమ్ముతుంది.

పదును కుదిరాక కడ్డీలు విరగకుండా వచ్చాయి. ఇరుసు ఎడమ కొసన మాత్రం గరగర వినిపిస్తోంది. బేరింగు మీద 6205 అని ఉంది. అదే అంకెది తెచ్చి మార్చిన తరువాత పళ్ళ అరుగుదల చూడాలి.