ట్యాంకు మూత తిప్పితే బుస్సుమంది

ఆదివారం ఇంటికాడే పాత బండి కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపేది) విప్పి కడిగినా. దాంట్లో పెట్రోలు పోయే సన్నటి గొట్టాలు, మెయిన్ జెట్, పైలట్ జెట్, వాటి రంధ్రాల్లోంచి వెలుతురు కనపడేదాకా గాలి కొట్టినా. పెట్రోలు పైపు కూడా మార్చేసినా (20 శాతం ఇథనాల్ కలిపే రోజులు, ముసలి రబ్బరును నమ్మలేం). ఒక్క కిక్కుకే స్టార్టు.

తెల్లారి కర్నూల్లో నంద్యాల చెక్‌పోస్టు దాటి ఓర్వకల్లు దారి పట్టినాక మొదలైంది కత. నాలుగో గేరులో దగ్గుతుంది, ముక్కుతుంది, ఆగిపోతుంది. కాసేపు నిలబెడితే మళ్లీ స్టార్టు, కొంచెం దూరం పోతే మళ్లీ అదే పాట.

"ఎండకు పెట్రోలు ఆవిరైతాందప్పా" అన్నాడు టీ బంకు అన్న. కర్నూలు ఎండ కదా, కాదనలేకపోయినా.

ఇంజను చల్లారినాక కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె, ఫ్లోట్ బౌల్, దాని డ్రెయిన్ స్క్రూ వదులు చేసి సీసా పట్టినా. రెండు చుక్కలు, అంతే. కడిగిన కార్బురేటర్ బాగానే ఉంది, దానికి పైనుంచి తిండే అందడం లేదు! పైపు ఊడదీసి ట్యాంకు కింది కాక్ (పెట్రోలు కుళాయి) తిప్పితే ధార వచ్చింది, సన్నబడింది, చుక్కలై నిలిచిపోయింది. అప్పుడు ట్యాంకు మూత తిప్పితే పాము బుసకొట్టినట్టు గాలి లోపలికి పోయింది, కింద ధార దబదబా అందుకుంది.

మూతలో సన్నటి గాలి రంధ్రం ఉంటాది. దుమ్ము పట్టి అది పూడిపోయింది. పెట్రోలు దిగేకొద్దీ ఆ చోటికి గాలి రావాల, రాకుంటే పెట్రోలు దిగదు. పిన్నీసుతో పొడిచినా, ఓర్వకల్లు రాళ్లదాకా ఆగకుండా పోయింది.

ఎఫ్ఐ బండ్లోళ్లు (కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉండేవి) మాత్రం ఇట్లా పైపు ఊడదీయొద్దు. వాటికి పంపు ఉంటాది, లైనులో పెట్రోలు ఒత్తిడి మీద ఉంటాది, మొహం మీదికి చిమ్ముతుంది.

టీ బంకు అన్న ఇప్పటికీ ఎండదే తప్పంటాడు.