బైట్లు ఎవరి సొత్తు: రస్ట్‌లో జేసన్ పార్సింగ్‌పై కొన్ని పరిశీలనలు

రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన, నేను నిర్వహిస్తున్న ఒక ప్రోగ్రామ్ పని చాలా సాదాసీదాది. వరుసకు ఒకటి చొప్పున జేసన్ (డేటాను పేరు-విలువ జంటలుగా రాసే పాఠ్య రూపం) రికార్డులున్న లాగ్ ఫైళ్లను చదివి, ప్రతి రికార్డులోని కొన్ని ఫీల్డులను లెక్కగట్టి, ఫలితాన్ని మరో ఫైలులో రాస్తుంది. అది నెమ్మదించినప్పుడు లోపం లెక్కల భాగంలోనే ఉంటుందనుకుని రెండు రోజులపాటు అక్కడే వెతికాను. చివరకు ఏ భాగానికి ఎంత కాలం పడుతుందో చూపే ప్రొఫైలర్‌ను నడిపి చూస్తే లెక్కలకు పడుతున్న కాలం నామమాత్రంగా తేలింది. ప్రోగ్రామ్ తన సమయంలో పెద్ద భాగాన్ని హీప్ (ప్రోగ్రామ్ నడుస్తుండగా అవసరాన్ని బట్టి మెమరీ ఇచ్చే ప్రాంతం) నుంచి మెమరీ అడగడానికీ, అందులోకి అక్షరాలను నకలు చేయడానికీ, ఆ వెంటనే ఆ మెమరీని తిరిగి అప్పగించడానికీ ఖర్చు పెడుతోంది. పార్సర్ అంటే అక్షరాలను గుర్తుపట్టే యంత్రమని అప్పటిదాకా నా భావన. గుర్తుపట్టిన అక్షరాలు ఎక్కడ ఉంటాయి, ఎంతకాలం ఉంటాయి, ఎవరి అధీనంలో ఉంటాయి అన్న ప్రశ్నకే వేగంలో సింహభాగం దక్కుతుందని ఆ రోజు అర్థమైంది.

ఒక రికార్డును దగ్గరగా చూద్దాం. అందులో 12 ఫీల్డులున్నాయి, వాటిలో 7 స్ట్రింగులు, అంటే పాఠ్య విలువలు. జేసన్‌ను చదివే సెర్డే జేసన్ అనే క్రేట్‌లోని (రస్ట్ లైబ్రరీని క్రేట్ అంటారు) వాల్యూ అనే, ఏ ఆకారమైనా పట్టే సాధారణ టైప్‌లోకి దీన్ని చదివితే ఆ 7 స్ట్రింగులకే కాదు, 12 ఫీల్డు పేర్లకూ విడివిడిగా హీప్‌లో చోటు కేటాయించాలి. అంటే 19 కేటాయింపులు (అలొకేషన్లు). ఆ పేర్లను క్రమంలో ఉంచే బీ-ట్రీ మ్యాప్ నోడ్లు వాటికి అదనం. లక్ష రికార్డులుంటే ఒకే 12 పేర్లను లక్ష సార్లు కొత్తగా రాసి, లక్ష సార్లు చెరిపేస్తున్నామన్న మాట. డేటా ఆకారం ముందే తెలియనప్పుడు వాల్యూ తప్పనిసరి. తెలిసిన చోట దాన్ని వాడటం మాత్రం అలవాటు వల్ల జరిగే దుబారా, నేను చేసిందీ అదే.

ఆకారం తెలిసినప్పుడు ఫీల్డులను వాటి టైపులతో ప్రకటించే స్ట్రక్ట్ రాసుకుని, దాన్ని నింపే కోడ్‌ను తానే పుట్టించే సెర్డే డిరైవ్‌ను దానికి జోడించడం మొదటి మెట్టు. ఎరిక్ ట్రైజెలార్, డేవిడ్ టోల్నే రచయితలుగా ఉన్న సెర్డే, అంటే సెర్డే జేసన్‌కు ఆధారమైన లైబ్రరీ, 2017లో 1.0 వెర్షన్‌కు చేరింది. దాని నిర్మాణం నాకు ఎంతో ఇష్టం. ఒకవైపు మన టైపులు, మరోవైపు జేసన్, మెసేజ్‌ప్యాక్ వంటి ఫార్మాట్లు ఉంటాయి. రెండింటి మధ్య 29 రకాల విలువలతో నిర్వచించిన ఒక డేటా మోడల్ ఉంటుంది. అయితే ఆ మోడల్ మెమరీలో ఎక్కడా ఒక వస్తువుగా నిర్మితం కాదు. ఫార్మాట్ వైపు కోడ్ ఒక విలువను గుర్తించగానే, మన టైప్ తరఫున ఉన్న విజిటర్‌లోని తగిన ఫంక్షన్‌ను పిలిచి ఆ విలువను నేరుగా చేతిలో పెడుతుంది. నడుస్తున్నప్పుడు టైపులను శోధించే రిఫ్లెక్షన్ లేదు, మధ్యలో చెట్టు కట్టడమూ లేదు. మన స్ట్రక్ట్‌కూ ఆ ఫార్మాట్‌కూ మాత్రమే సరిపోయే కోడ్‌ను కంపైలర్ ముందుగానే తయారుచేస్తుంది. ఫీల్డు పేర్లు ఆ కోడ్‌లోనే పోలికలుగా కలిసిపోతాయి కాబట్టి 19 అలొకేషన్లు 7కు దిగుతాయి. ఇందుకు చెల్లించే మూల్యం కంపైల్ కావడానికి పట్టే సమయం, బైనరీ పరిమాణం.

మిగిలిన ఆ 7 దగ్గరే అసలు విషయం ఉంది. ఫైలు నుంచి చదివిన బైట్లను ఉంచిన మెమరీ ముక్కలో, అంటే బఫర్‌లో, స్ట్రింగుల అక్షరాలు అప్పటికే ఉన్నాయి. వాటిని మళ్లీ నకలు చేయడం ఎందుకు? స్ట్రక్ట్‌లో ఫీల్డును స్ట్రింగ్ అని కాకుండా, లైఫ్‌టైమ్‌తో (ఎంతకాలం చెల్లుతుందో చెప్పే గుర్తుతో) కూడిన, వేరే చోట ఉన్న బైట్లను అరువు తెచ్చుకున్న స్లైస్‌గా ప్రకటిస్తే, సెర్డే ఆ బఫర్‌లోని చోటును చూపే పాయింటర్‌నూ పొడవునూ మాత్రమే ఇస్తుంది. 64 బిట్ల యంత్రంలో అది 16 బైట్లు, హీప్‌తో నిమిత్తం లేదు. దీన్నే జీరో-కాపీ అంటారు. సీ భాషలోనూ ఇదే పని చేయవచ్చు, దశాబ్దాలుగా చేస్తున్నారు కూడా. రస్ట్‌లో వచ్చిన మార్పు ఏమిటంటే, ఈ రికార్డు ఆ బఫర్ కన్నా ఎక్కువ కాలం బతకకూడదన్న ఒప్పందం టైప్‌లోనే రాసి ఉంటుంది. రికార్డు ఇంకా వాడుకలో ఉండగా బఫర్‌ను ఖాళీ చేయబోతే కంపైలర్ అక్కడే ఆపేస్తుంది. ఆ భరోసా లేకుండా ఇంత సాహసం నేను చేసేవాడిని కాదు.

అరువు స్లైసులకు మారిన తరువాత ప్రోగ్రామ్ స్పష్టంగా వేగం పుంజుకుంది. నా పరీక్షలన్నీ నెగ్గాయి. వారం తిరక్కముందే, ఒక కొత్త మూలం నుంచి వచ్చిన ఫైలు దగ్గర పార్సింగ్ విఫలమైంది. అరువు తెచ్చుకోదగిన స్ట్రింగ్ కావలసి ఉండగా మామూలు స్ట్రింగ్ ఎదురైందని ఆ ఎర్రర్ సారాంశం. రికార్డును తెరిచి చూస్తే ఒక ఫీల్డులో తెలుగు పాఠం ఉంది, కానీ తెలుగు లిపిలో లేదు. ప్రతి అక్షరం స్థానంలో వెనుకకు వాలిన గీత, యు, ఆపై నాలుగు హెక్సాడెసిమల్ అంకెలు ఉన్నాయి.

ఇది జేసన్ ప్రమాణానికి పూర్తిగా లోబడిన రూపమే. ఒకే అక్షరాన్ని నేరుగా యూటీఎఫ్-8లోనూ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) రాయవచ్చు, పైన చూసిన ఎస్కేప్ రూపంలోనూ రాయవచ్చు. పైథాన్‌లోని జేసన్ మాడ్యూల్ మనం వేరుగా చెప్పకపోతే ఆస్కీ (ఆంగ్ల అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తులు) కాని ప్రతి అక్షరాన్నీ ఎస్కేప్ చేసే రాస్తుంది. ‘అ’ అనే అక్షరం యూటీఎఫ్-8లో 224, 176, 133 అనే మూడు బైట్లు. ఎస్కేప్ రూపంలో ఆరు బైట్లు. ‘తెలుగు’ అన్న పదాన్ని తీసుకుంటే, త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి 6 యూనికోడ్ సంకేతాలు. నేరుగా రాస్తే 18 బైట్లు, ఎస్కేప్ చేస్తే 36. మనకు కావలసిన 18 బైట్లు ఆ 36 బైట్ల బఫర్‌లో ఎక్కడా వరుసగా లేవు. లేనిదాన్ని అరువు ఇవ్వడం ఎవరివల్లా కాదు, కనుక సెర్డే విఫలమవడం న్యాయమే. తెలుగు వంటి లిపులకే ఇది పరిమితమని అనుకోకూడదు. స్ట్రింగు మధ్యలో ఒక్క కొత్త వరుస గుర్తు ఉన్నా, ఒక్క కొటేషన్ గుర్తు ఉన్నా అది ఎస్కేప్ రూపంలోనే వస్తుంది, ఫలితమూ ఇదే. నా పరీక్షల్లోని డేటా అంతా శుభ్రమైన ఆంగ్ల పదాలు కావడం వల్ల ఆ దారి ఒక్కసారి కూడా నడవలేదు.

పరిష్కారం కౌ అనే టైప్. ఎస్కేపులు లేని స్ట్రింగును అది అరువుగా పట్టుకుంటుంది, ఉన్నదాన్ని విప్పి సొంత నకలుగా ఉంచుకుంటుంది. ఇక్కడ ఇంకొక మలుపు ఉంది, దాన్ని గమనించడానికి నాకు మరికొన్ని రోజులు పట్టింది. ఫీల్డును కౌగా ప్రకటించినంత మాత్రాన సెర్డే అరువు తీసుకోదు. ఆ ఫీల్డుపై బారో అనే యాట్రిబ్యూట్‌ను విడిగా పెట్టాలి. పెట్టకపోతే ఎర్రర్ ఏమీ రాదు, ఫలితాలన్నీ సరిగానే ఉంటాయి, కానీ ప్రతి స్ట్రింగూ సొంత నకలుగానే తయారవుతుంది. ప్రోగ్రామ్ సరిగ్గా నడుస్తూనే మనం ఆశించిన లాభాన్ని మౌనంగా పోగొట్టుకునే ఇటువంటి చోట్లు నన్ను ఎక్కువగా కలవరపెడతాయి, ఎందుకంటే మామూలు పరీక్షలేవీ వాటిని పట్టుకోవు. ఇప్పుడు నేను కౌ ఏ స్థితిలో వచ్చిందో చూసే పరీక్షను ప్రత్యేకంగా రాసుకుంటున్నాను.

అరువు తీసుకోవాలంటే బఫర్ మన చేతిలో ఉండాలి. అందుకే ఫైలును కొంచెం కొంచెంగా అందించే రీడర్ నుంచి నేరుగా పార్స్ చేసే ఫంక్షన్ ఇక్కడ పనికిరాదు, ఆ దారిలో బైట్లు వచ్చినట్టే వచ్చి జారిపోతాయి. ఫైలు మొత్తాన్ని ముందుగా మెమరీలోకి చదివి స్లైస్ నుంచి పార్స్ చేయడమే సాధారణంగా వేగమని సెర్డే జేసన్ డాక్యుమెంటేషన్ కూడా చెబుతుంది. నా ఫైళ్లు అందుకు మరీ పెద్దవి. కాబట్టి ఒకే వెక్టర్‌ను (అవసరాన్ని బట్టి పెరిగే బఫర్) పట్టుకుని, ఒక వరుసను అందులోకి చదివి, పార్స్ చేసి, పని ముగిశాక ఖాళీ చేసి, తరువాతి వరుసను మళ్లీ అందులోకే చదువుతాను. ఖాళీ చేసినా వెక్టర్ తన కెపాసిటీని, అంటే అప్పటికే పొందిన చోటును, వదులుకోదు. అందువల్ల కొద్ది వరుసలు గడిచాక కొత్త మెమరీ అడగవలసిన అవసరమే దాదాపు ఉండదు. దీని పరిమితిని కూడా చెప్పాలి. అరువు రికార్డును క్యూలో వేసి మరో థ్రెడ్‌కు పంపడం, క్యాషేలో దాచుకోవడం ఈ పద్ధతిలో కుదరవు. అలా దాచవలసిన రెండు మూడు ఫీల్డులను ఆ చోట మాత్రమే సొంత స్ట్రింగుగా మార్చుకోవడం నాకు నచ్చిన మార్గం.

నకళ్లు తగ్గిన తరువాతే అక్షరాలను గుర్తుపట్టే వేగం లెక్కలోకి వస్తుంది. ఈ రంగంలో జెఫ్ లాంగ్‌డేల్, డేనియల్ లెమీర్ 2019లో ప్రచురించిన సిమ్డ్‌జేసన్ అనే పార్సర్ పని చదివి తీరవలసినది. మామూలు పార్సర్ ఒక్కొక్క బైటునూ చూసి, అది కొటేషన్ గుర్తా, కామానా, అంకెనా అని ప్రశ్నించుకుంటూ వెళుతుంది. ప్రతి ప్రశ్న దగ్గరా, జవాబును ముందే ఊహించి సాగే ప్రాసెసర్ తన ఊహ తప్పి వెనక్కి రావలసిన ప్రమాదం ఉంటుంది. సిమ్డ్‌జేసన్ 64 బైట్లను ఒక దిమ్మగా తీసుకుని, కొటేషన్ గుర్తులు ఎక్కడెక్కడ ఉన్నాయో 64 బిట్ల సంఖ్యగా మారుస్తుంది. ఎనిమిది బైట్లతో చిన్న ఉదాహరణ చూద్దాం. మూడవ చోట, ఆరవ చోట కొటేషన్లుంటే ఎడమ నుంచి కుడికి 0, 0, 1, 0, 0, 1, 0, 0 అని వస్తుంది. ఎడమ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క బిట్‌నూ కలుపుకుంటూ ఎక్స్‌క్లూజివ్ ఆర్ (రెండు బిట్లు వేరైతేనే 1 ఇచ్చే చర్య) చేస్తే 0, 0, 1, 1, 1, 0, 0, 0 అవుతుంది. తెరిచిన గుర్తు దగ్గర మొదలై మూసిన గుర్తు ముందు వరకూ 1లు పరచుకున్నాయి, అంటే స్ట్రింగు లోపలి భాగమంతా ఒకేసారి తెలిసిపోయింది. 64 బిట్లకు ఈ పని మొత్తాన్ని క్యారీ లేని గుణకారం అనే ఒక్క ఇన్‌స్ట్రక్షన్ చేసిపెడుతుంది. స్ట్రింగు లోపల ఉన్న కామాలను, బ్రాకెట్లను ఆ ముసుగుతో తీసేస్తే మిగిలినవన్నీ నిర్మాణ గుర్తులే. నిర్ణయాలు లేవు, శాఖలు లేవు. తొలిసారి దీన్ని కాగితం మీద వేసి చూసుకున్నప్పుడు కలిగిన ఆనందం ఇంకా గుర్తుంది.

రస్ట్‌లో దీని రూపం సిమ్డ్-జేసన్ క్రేట్. అది బఫర్‌ను మార్చగలిగే అధికారంతో అడుగుతుంది, కారణం మన చర్చకు దగ్గరిదే: ఎస్కేపులను అది బఫర్‌లోనే విప్పి రాస్తుంది. 36 బైట్ల చోట 18 బైట్లు హాయిగా పడతాయి కనుక ఎస్కేప్ ఉన్న స్ట్రింగును కూడా అరువుగానే ఇవ్వగలదు. బదులుగా మూల పాఠం చెడిపోతుంది. దోషం ఉన్న రికార్డులను యథాతథంగా పక్కన పెట్టి పరిశీలించవలసిన బాధ్యత నాకు ఉంది కాబట్టి, నేను దాన్ని ప్రయత్నించి వెనక్కి వచ్చాను.

సంఖ్యల గురించి కొంత జాగ్రత్త అవసరం. దశాంశ పాఠాన్ని సరైన ఫ్లోట్‌గా (కంప్యూటర్ దశాంశ సంఖ్యను ఉంచుకునే రూపం) మార్చడం చూడటానికి తేలిక, చేయడానికి కష్టం. ఐజెల్-లెమీర్ పద్ధతి దాన్ని ఎంతో వేగవంతం చేసింది, 2021లో వచ్చిన రస్ట్ 1.55 ప్రామాణిక లైబ్రరీ దాన్ని స్వీకరించింది. అయితే సెర్డే జేసన్ తన సొంత దారిలో, డిఫాల్ట్‌గా, వేగం కోసం చివరి బిట్ దగ్గర చిన్న తేడాను సహిస్తుంది. రాసిన ఫ్లోట్ చదివినప్పుడు తు.చ. తప్పకుండా అదే కావాలంటే ఫ్లోట్ రౌండ్‌ట్రిప్ అనే ఫీచర్‌ను తెరవాలి. అందుకు ఫ్లోట్ల పార్సింగ్‌కు దాదాపు రెట్టింపు కాలం పడుతుందని డాక్యుమెంటేషన్ ముందే చెబుతుంది. కొలతల డేటాతో పనిచేసేవారు ఈ ఎంపికను తెలిసి చేసుకోవాలని నా అభిప్రాయం. పెద్ద పూర్ణాంకాల ఐడీల విషయమూ అంతే. రస్ట్ 64 బిట్ల సంఖ్యను పూర్తిగా చదువుతుంది కానీ, అవతల జావాస్క్రిప్ట్ ఉంటే 2 ఘాతం 53, అంటే 9007199254740992 దాటిన తరువాత పక్కపక్క సంఖ్యలు ఒకటైపోవచ్చు. అటువంటి ఐడీలను స్ట్రింగులుగా పంపడం మేలు.

జేసన్‌నే వదిలేసి బైనరీ ఫార్మాట్‌కు మారవచ్చు కదా అని మిత్రులు అడుగుతుంటారు. రెండు వైపులా మన అధీనంలో ఉంటే తప్పక మారవచ్చు. ప్రోటోబఫ్ అనే బైనరీ ఫార్మాట్‌లో 300 అనే సంఖ్య 172, 2 అనే రెండు బైట్లలో ఇమిడిపోతుంది: తక్కువ విలువ గల 7 బిట్లు 44, ఇంకా ఉంది అని చెప్పే 128ను దానికి కలిపితే 172, మిగిలింది 2. పరిమాణం తగ్గుతుంది, కానీ ప్రతి సంఖ్యనూ విప్పుకోవాలి, స్ట్రింగుల నకలు సమస్య యథాతథంగా ఉంటుంది. 2013లో వచ్చిన క్యాప్న్ ప్రోటో, 2014లో గూగుల్ విడుదల చేసిన ఫ్లాట్‌బఫర్స్ ఆ సమస్యనే మూలంలో పట్టుకున్నాయి. వాటిలో డేటా మెమరీలో ఎలా ఉండాలో ఫైల్లోనూ అలాగే ఉంటుంది, చదవడమంటే సరైన చోటుకు వెళ్లి చూడటమే. రస్ట్‌లోని ఆర్‌కైవ్ (rkyv) అనే క్రేట్ కూడా ఇదే కోవలోనిది. బయటి నుంచి వచ్చిన బైట్లను పరిశీలించకుండా ఈ పద్ధతిలో నమ్మడం ప్రమాదకరం. ఆ పరిశీలనకు పట్టే కాలాన్ని కూడా కలిపే వాటి వేగాన్ని కొలవాలి.

కొలవడంలో నేను చేసిన పొరపాటు ఒకటే, డేటాను నా సౌకర్యానికి తగ్గట్టు ఎంచుకోవడం. ఇప్పుడు బెంచ్‌మార్క్‌లో మూడు రకాల వరుసలు ఉన్నాయి: కేవలం ఆస్కీ, నేరుగా యూటీఎఫ్-8లో ఉన్న తెలుగు, ఎస్కేప్ చేసిన తెలుగు. మూడింటి ఫలితాలను విడివిడిగానే చూస్తాను, సగటు తీయను. పరీక్షల ఫోల్డర్‌లో ‘అ’ ఒక్కటే ఉన్న రెండు చిన్న ఫైళ్లు కూడా చేరాయి. ఒకదానిలో అది మూడు బైట్లు, రెండవదానిలో ఆరు. మొదటిది అరువుగా రావాలి, రెండవది సొంత నకలుగా రావాలి. బారో యాట్రిబ్యూట్‌ను ఎవరైనా పొరపాటున తీసేస్తే మొదటి పరీక్ష వెంటనే విఫలమవుతుంది.