బతుకమ్మ పూల కంపోస్టు: 49 దాటని కుప్ప

మళ్లీ 49 డిగ్రీలే! ఇంకో ఆరు డిగ్రీలు ఎక్కితే చాలు. కుప్ప నడుమ 55 డిగ్రీల వేడి వరసగా మూడు రోజులైనా నిలవకపోతే గునుగు పూలలోని గింజలు చావవు.

సద్దుల బతుకమ్మ తెల్లారి సఫిల్‌గూడ చెరువు గట్టున మా ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) పిల్లలు ఏరిన పూలివి. బంతిపూల కుప్ప అయిపోయింది, జల్లించి పార్కు మొక్కలకు వేసేశాం. సతాయిస్తున్నది గునుగే. ఎరువు చూడ్డానికి నల్లగా, పొడిపొడిగా బాగానే ఉంది. గుప్పెడు తీసి ట్రేలో పరిచి తడిపితే మాత్రం వారం తిరక్కుండా 23 మొలకలు! వేళ్ల మధ్య నలిపితే ఆవగింజ కన్నా చిన్న నల్లటి గింజలు, నున్నగా మెరుస్తూ జారిపోతున్నాయి. దీన్ని సర్కారు బడి కూరగాయల మడిలో ఎలా వేస్తాం?

పూలకు అద్దిన రంగు సూక్ష్మజీవుల్ని చంపుతోందేమోనని పిల్లల అనుమానం. రంగు గునుగు ఒక బకెట్లో, తెల్లది ఇంకో బకెట్లో వేసి చూశారు. రెండూ 38 దగ్గరే ఆగాయి. కాబట్టి రంగు కాదు. తడి ఎక్కువైందా? పిడికెడు పిండితే చుక్కలు ధారగా కారాయి, అడుగున కుళ్లిన గుడ్డు కంపు. ఎండుటాకులు కలిపి, చిల్లులు పెట్టిన పీవీసీ పైపు నడుమ దించాక 44 నుంచి 49కి ఎక్కింది. అంటే గాలి అందక కొంత ఆగిందన్నమాట.

మిగతా లోటు సైజుదేనని నా లెక్క. కోడిజాలి చుట్ట 3 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు. నిండా నింపినా 0.6 ఘనపు మీటరే. పూలు వాడి 21 అంగుళాలకు కుంగాక అందులోనూ 40 శాతానికి పైగా పోయింది. ఘనపు మీటరైనా లేని కుప్పలో పుట్టిన వేడి పుట్టినట్టే బయటికి పోతుంది.

వందలు పోసి చెత్తను కుళ్లబెట్టే సూక్ష్మజీవుల కల్చర్ ప్యాకెట్లు కొనడం దండగ. 200 లీటర్ల నీళ్లలో 2 కేజీల బెల్లం వేసి, ఒక్క చిన్న సీసా నుంచి పెంచుకునే వేస్ట్ డీకంపోజర్ ద్రావణం, లేదంటే పచ్చిపేడ నీళ్లు చాలు. థర్మామీటర్ మాత్రం 50 సెంటీమీటర్ల పొడవు కాడ ఉన్నదే కొనండి. వంటింటిది పైపైనే చూస్తుంది.

ఎన్ఎస్ఎస్‌లో ఏడాదికి 120 గంటల సేవ చేయాలి. బ్యానర్ పట్టుకుని ర్యాలీ తీసే గంటల కన్నా ఈ కుప్ప తిరగేసే గంటల్లోనే పిల్లలు ఎక్కువ నేర్చుకుంటున్నారు. ఎందుకు వేడెక్కట్లేదో కాలనీ వాళ్లకు వాళ్లే చెబుతున్నారు. అది విన్న ఒకావిడ "మొలిస్తే మొలవనీ సార్, వచ్చే బతుకమ్మకు గునుగు కొనే పని తప్పుతది" అనేసింది.

మాట బాగుంది. కాబట్టి ఈ గింజల ఎరువు బడికి వెళ్లదు. తొలకరి పడ్డాక పార్కు గోడ వెంట రెండడుగుల పట్టీలో వేస్తాం. గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో కొనే ఖర్చులో ఎంత తగ్గుతుందో అప్పుడు తూకం వేసి చూడాలి. డిసెంబరు చలి ముదిరేలోపు 4 అడుగుల చుట్ట కట్టి, మిగిలిన గునుగుకు క్యాంటీన్ కూరగాయ తొక్కలు కలిపి, చుట్టూ వరిగడ్డి కప్పుతాం. పచ్చిపేడ ఇస్తానన్న పాలాయనకు రేపు ఫోన్ చేయాలి.