గ్లయోబ్లాస్టోమాలో రోగనిరోధక కణాలు చెప్పేదెంత?

గ్లయోబ్లాస్టోమా అనే మెదడు కణితిలో దాదాపు మూడో వంతు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ భాగం, క్యాన్సర్ కణాలు కాక మన రోగనిరోధక వ్యవస్థకే చెందిన మైక్రోగ్లియా, మాక్రోఫేజ్ కణాలు కావడం నన్ను ఎంతో కలవరపరిచే విషయం. శస్త్రచికిత్సలో తీసిన ముక్కలో సీడీ163 అనే గుర్తు కోసం పరీక్షిస్తే, కణితిని ఎదిరించడం మాని దానికి అండగా మారిన మాక్రోఫేజ్‌లు బయటపడతాయి. అవి ఎక్కువగా ఉన్న రోగులు తక్కువ కాలం జీవించినట్లు పలు అధ్యయనాలు చూపాయి. క్యాన్సర్ కణాలను చంపగల సీడీ8 టీ కణాలు కణితిలో ఎక్కువగా చేరడం మంచి సూచన అని కొన్ని అధ్యయనాలు చెబుతున్నా, ఆ కణాలు అలసిపోయి తమ దాడికి కళ్లెం వేసే పీడీ-1 వంటి గుర్తులను మోస్తున్నప్పుడు, వాటి సంఖ్యకు అంత విలువ ఇవ్వలేమని నా అభిప్రాయం. మెదడు వాపును తగ్గించడానికి తప్పనిసరై ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు కూడా టీ కణాలు ఉండే లింఫోసైట్లను (ఒక రకం తెల్ల రక్తకణాలను) తగ్గిస్తుంది.

2020లో ప్రచురితమైన చెక్‌మేట్ 143 అనే ఔషధ పరీక్ష ఫలితాల్లో, తిరగబెట్టిన కణితికి పీడీ-1ను అడ్డుకునే నివోలుమాబ్ మందు తీసుకున్నవారి మధ్యస్థ జీవితకాలం 9.8 నెలలు కాగా, కణితికి కొత్త రక్తనాళాలు పెరగకుండా చూసే బెవాసిజుమాబ్ మందు తీసుకున్నవారిది 10 నెలలు; అంటే పీడీ-1ను అడ్డుకున్నా జీవితకాలం పెరగలేదు.

రోగనిరోధక కణాల లెక్కలు ఇంకా ఇంత అస్పష్టంగా ఉన్నందున, సీడీ163 అంకె ఒక్కటి చూసి ఏ కుటుంబమూ ఆశ వదులుకోకూడదని గట్టిగా చెబుతున్నాను. రోగి వయసు, శారీరక స్థితి, కణితిని ఎంతమేరకు తొలగించగలిగారన్నది, ఎంజీఎంటీ మిథైలేషన్ (కణితిలోని ఎంజీఎంటీ జన్యువుపై ఉండే ఒక రసాయన మార్పు), వీటినే వైద్యులు నేటికీ ప్రధానంగా లెక్కలోకి తీసుకుంటారు.